జాగ్రత్త: 22 క్యారట్ల బంగారు రేకు అని ఇత్తడి అంటగట్టారు

దేవుడి బొమ్మలకి బంగారు రేకు కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. ముఖ్యంగా సంక్రాంతిలోపు ఏదైనా చేసి పెట్టుకుందామని ఇప్పుడే సామాన్లు కొంటున్న మన కోనసీమవాళ్లు.

మాది అంబాజీపేట దగ్గర. కనుమ రోజు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద, అంటే జనం భుజాలకెత్తుకుని మోసే వెదురు చట్రాల మీద, వచ్చి కలుసుకునే తీర్థం గురించి మీకు చెప్పక్కర్లేదు. 2023 రిపబ్లిక్ డేకి మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ దాకా వెళ్లింది. మా నాన్న ముప్పై ఏళ్లు ప్రభ మోశారు. చేలకి అడ్డంపడి, కాలవ నీళ్లలో దిగి, "అశ్శరభ శరభ" అంటూ. ఆయన భుజం మీద కాయ కాసి ఉండేది. ఆయన పోయాక దేవుడికి దణ్ణం పెట్టుకుంటే నాకు ఆ భుజమే గుర్తొచ్చేది. స్తోత్రాలు చదవడం నాకు రాదు. అందుకే నాలుగడుగుల బోర్డు మీద ఆ ప్రభనే ఉబ్బెత్తుగా చేద్దామనుకున్నాను. వెదురు బద్దలతో చట్రం, కొబ్బరి పీచు, వరికంకులు, నాన్న పాత కండువా ముక్కలు, మధ్యలో మోడలింగ్ పేస్టుతో స్వామి. స్వామి వెనక తోరణం మాత్రం అసలు బంగారంతో చేస్తానని మొక్కుకున్నాను.

రేకు రాజమండ్రిలో ఒక ఆర్ట్ సామాన్ల షాపులో కొన్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. బుక్కుకి 25 రేకులు, బుక్కు 2,800 చొప్పున రెండు. "22 క్యారట్లమ్మా, బంగారం నల్లబడదు కదా, వార్నిష్ కూడా అక్కర్లేదు" అన్నాడు.

ఆ మాటే నా కొంప ముంచింది. అసలు బంగారానికి పైపూత అక్కర్లేదన్నది నిజమే. కానీ ఇత్తడి రేకులో ఉండేది రాగి, జింకు. పూత లేకపోతే గాలిలో తేమకీ చేతి చెమటకీ రంగు మారిపోతుంది. మనది సముద్రం పక్క ఊళ్లు, ఉప్పుగాలి ఉండనే ఉంది. కార్తీకంలో అతికించాను, కనుమకి ధగధగలాడింది. ఆషాఢం వానలకి అంచుల్లో గోధుమ మచ్చలు వచ్చాయి. శ్రావణంలో ఒక పొద్దున దీపం పెట్టబోతే స్వామి తల వెనక ఆకుపచ్చగా చిలుము. అక్కడే కూర్చుండిపోయాను.

మిగిలిన రేకు మా ఊరి కంసాలి గారికి చూపించాను. యాసిడ్ చుక్క వేయగానే పొంగి, పచ్చగా కరిగిపోయింది. "బంగారమైతే కదలదమ్మా" అన్నారాయన.

మీరు అతికించక ముందే చూసుకోండి. చిన్న ముక్క గాజు పలక మీద పెట్టి, ఉప్పు కలిపిన వెనిగర్ చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. ఇత్తడైతే పచ్చబడుతుంది. అసలు రేకు ఎంత పల్చనంటే, వెలుగుకి అడ్డం పెడితే దానిలోంచి ఆకుపచ్చ కాంతి కనిపిస్తుంది, వేలితో తాకితే చెదిరిపోతుంది. సైజు కూడా చూడండి. అసలు రేకు మామూలుగా 8 సెంటీమీటర్ల చదరం ఉంటుంది. నాకిచ్చింది 14. చేత్తో హాయిగా పట్టుకుని అతికించాను, అప్పుడే అనుమానం రావాల్సింది.

బిల్లు దగ్గర ఇంకా జాగ్రత్త. నాకు జీఎస్టీ బిల్లు ఇవ్వలేదు, ఎస్టిమేట్ చీటీ మీద "లీఫ్ - 2" అని రాసిచ్చారు. ఇప్పుడు అడిగితే "బంగారమని ఎక్కడ రాశాం?" అంటున్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ముందు బిల్లే అడిగారు. ఫోన్‌పే చేసిన రసీదు ఉంది కాబట్టి అదైనా పెట్టగలిగాను. బిల్లు మీద "22 క్యారట్ల బంగారం" అని రాయించుకోకుండా షాపు దిగకండి. రాయనంటే కొనకండి.

వాటర్‌ప్రూఫ్ అని అక్కడే ఇచ్చిన ఎండీఎఫ్ బోర్డు కింది అంచు కూడా ఉబ్బిపోయింది. మన తేమకి మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. ఐఎస్ 710 ముద్ర బోర్డు మీదే ఉంటుంది.

పచ్చబడ్డాక పైన వార్నిష్ కొడితే సరిపోతుందని ఒకరు చెప్పారు. ఒక మూల కొట్టి చూశాను, మచ్చ అలాగే లోపల ఉండిపోయింది. ఇప్పుడు తోరణం మొత్తం గీకేస్తున్నాను. పక్కనే ఉన్న కండువా ముక్కలు చిరగకుండా తీయడమే కష్టంగా ఉంది. ఆ గుడ్డ మళ్లీ దొరకదు.