నాలుగు మీటర్ల డీజిల్ పైపుతో సూర్యలంక దాకా

మా పాత ఫోర్ బై ఫోర్ జీపు విషయంలో ఈసారి ఒక షరతు పెట్టుకున్నా. ఏ పనికీ వెయ్యి దాటకూడదు, బిగించేది నేనే కావాలి. విజయవాడ ఆటోనగర్ పక్కనే ఉండగా సామానుకు కరువేముంది?

మొదట డిఫరెన్షియల్ బ్రీదర్, అంటే యాక్సిల్ మధ్యలో చక్రాలను తిప్పే గేర్ల పెట్టెకు గాలి రంధ్రం. లోపలి గాలి ఆడడానికి యాక్సిల్ మీద చిన్న మూత ఉంటుంది. వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా వాగులో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి, ఆ మూతలోంచి నీళ్లు లాగేస్తుంది. లోపలి ఆయిల్ పాలు కలిపిన టీలా మారిందంటే క్రౌను గేరుకూ బేరింగులకూ మూడినట్టే. నేను కిట్ అడిగితే షాపు పెద్దాయన నవ్వారు. “కిట్టెందుకు బాబూ, నాలుగు మీటర్ల డీజిల్ పైపు, నాలుగు క్లిప్పులు పట్టుకెళ్లు.” నిపుల్స్‌తో కలిపి 420 రూపాయలు. ఆ మూతల చోట పైపులు తగిలించి, ఛాసిస్ వెంబడి లాగి, నీళ్లు అందకుండా బానెట్ కింద ఎత్తుగా కట్టా. యాక్సిల్ కిందికీ పైకీ ఆడుతుంది కాబట్టి పైపు కొంచెం వదులుగా ఉండాలి. అది మర్చిపోయి రెండోసారి బండి కింద దూరాల్సి వచ్చింది.

హెడ్‌లైట్లకు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్, వేయడానికి 650 అయింది. పాత వైరింగులో కరెంటంతా స్విచ్ దాకా తిరిగొచ్చేసరికి నీరసపడిపోతుంది. ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు ఇస్తే అవే బల్బులు వేరేలా వెలుగుతాయి. నిరుడు 3,500 పోసి కొన్న ఎల్ఈడీ బార్ మాత్రం అటక మీదుంది.

బావతో కలిసి గుంటూరు, ఫిరంగిపురం మీదుగా కొండవీడు వెళ్లాం. రెడ్డిరాజుల కోట, పైన చెరువులు బాగున్నాయి. ఘాట్ రోడ్డు తారుది, మామూలు కారైనా ఎక్కుతుంది. జీపు సత్తా చూద్దామని వెళ్తే నిరాశే.

చిలకలూరిపేట దాటాక పొలాల దారిలో ఒక చప్టా మీద హబ్బులు మునిగేంత నీళ్లు పారుతున్నాయి. బావ కర్రతో ముందు నడిచి చూశాకే బండి దించాను. తర్వాత సూర్యలంక. బీచ్‌లోకి బండి దించకూడదు, దించలేదు కూడా. సర్వి తోపు పక్క ఇసుక దారిలోనే కూరుకుపోయాం. జాకీ పెడితే బండి లేవదు, జాకీయే దిగుతోంది. ఇంట్లో పడుంటే తెచ్చుకున్న అడుగు చదరపు ప్లైవుడ్ ముక్క దాని కింద వేశాక పని జరిగింది. టైర్ల గాలి 30 పీఎస్ఐ నుంచి 16కి తగ్గిస్తే, అంతసేపు గుంత తవ్విన చక్రాలే మెల్లగా పైకి పాకాయి. మళ్లీ గాలి కొట్టడానికి బావ కంప్రెసర్‌ని లైటర్ సాకెట్‌కు పెడితే ఫ్యూజు ఎగిరిపోయింది. క్లిప్పులతో బ్యాటరీకే తగిలించాం.

శనివారం కదా, బీచ్ పక్కన గదులు దొరకలేదు. బాపట్లలో 1,400కి లాడ్జి. ఏసీ నీళ్లు రాత్రంతా మంచం పక్కనే కారాయి. అయినా పొద్దున్నే అడగ్గానే కుళాయికి పైపు తగిలించి ఇచ్చారు, ఉప్పు ఇసుకంతా బండి కిందనుంచి కడిగేసుకున్నాం. నాకు ఏసీ కన్నా అదే ముఖ్యం.

ఇంటికొచ్చాక వెనక యాక్సిల్ ప్లగ్ విప్పి వేలు పెట్టి చూశా. ఆయిల్ తేనె రంగులోనే ఉంది. బావ పక్కనుంచి తొంగిచూసి, “ఇంకో నాలుగు మీటర్లు తేవాల్సింది బావా, మా బండికి” అన్నాడు.