ఆడింక్రా జత కార్డులు: అర్థం చెప్పినవాళ్ళకే జత

ఘానా రాజధాని ఆక్రాలో పిల్లలతో ఉంటున్న తెలుగువాళ్ళందరికీ ఈ కార్డుల పెట్టె కొనమనే చెప్తాను. ఆడింక్రా అంటే ఇక్కడి అకాన్ జనం గుడ్డ మీద అద్దే గుర్తులు, ఒక్కోదానికి ఒక్కో అర్థం. పెట్టెలో మొత్తం 24 గుర్తులు, ఒక్కోటి రెండేసి చొప్పున 48 కార్డులు. బోర్లా పరిచి, రెండేసి తిప్పుతూ జత కలపాలి. ఐదేళ్ళ మా వాడు కూడా ఇట్టే పట్టేశాడు.

అయితే పెట్టెలో రాసినట్టే ఆడితే పిల్లలకి ఆకారాలు తప్ప ఇంకేమీ రావు. మా కింది వాటాలో ఉండే అశాంటి తెగ (అకాన్ జనంలో ఒకటి) పెద్దావిడ ఒక షరతు పెట్టారు: ఆ గుర్తు ఏం చెప్తోందో చెప్పినవాళ్ళకే జత. దాంతో ఆట రంగే మారిపోయింది. కోడికాలు గుర్తు, అకోకో నాన్, వచ్చినప్పుడు ఆవిడ బల్ల మీద వేళ్ళతో కోడి నడక చూపిస్తూ "కోడి పిల్లల్ని తొక్కుతుంది గానీ చంపదు" అన్న అకాన్ సామెత చెప్పారు. ఇప్పుడు నేను కోప్పడితే చాలు, మా అమ్మాయి "అకోకో నాన్, అమ్మా" అంటుంది. ఒకే పొట్టతో ఉన్న రెండు మొసళ్ళ కార్డు మా ఇద్దరికీ ప్రాణం. తిండి చేరేది ఒక్క పొట్టలోకే అయినా అవి కొట్టుకుంటాయట! అది విన్నాక అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లెగోన్‌లో ఘానా యూనివర్సిటీ చిహ్నం మీద ఫెర్న్ ఆకుల్నీ పొట్టేలు కొమ్ముల్నీ మా అమ్మాయి తనంతట తనే గుర్తుపట్టింది. ప్లాస్టిక్ కుర్చీల వీపున కనిపించే జే న్యామే ('దేవుడు తప్ప') గుర్తు సంగతి ఇక చెప్పక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. అర్థాల కాగితం మరీ పేలవం. పొట్టేలు కొమ్ముల పక్కన "వినయం" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఢీకొట్టే బలం ఉండి కూడా తల వంచే జంతువని చెప్పకపోతే పిల్లలకి ఏం ఎక్కుతుంది? సంకోఫా ('వెనక్కి వెళ్ళి తెచ్చుకో') గుర్తుకి వెనక్కి తిరిగి చూసే పక్షి ఒక్కటే వేశారు, ఇక్కడి ఇళ్ళ ఇనప గేట్ల మీద కనిపించే హృదయాకారం లేదు. ఈ పేర్లున్న ట్వీ భాషలో ఎ, ఒ అచ్చులు రెండేసి రకాలు. వాటి ప్రత్యేక అక్షరాలు వాడకుండా పేర్లన్నీ మామూలు ఇంగ్లీషు అక్షరాల్లోనే అచ్చేశారు, దాంతో పలకడం ఆ పెద్దావిడ దగ్గరే నేర్చుకోవాల్సి వచ్చింది. అట్ట పల్చన. ఈ ఉక్కకి అంచులు అప్పుడే లేచిపోతున్నాయి. ఆ ధరకి ఇంకాస్త మందం అట్ట వేయాల్సింది.

కుమాసి నగరం వైపు వెళ్తే, ఆడింక్రా గుడ్డలు అద్దే న్టోన్సో ఊళ్ళో తప్పక ఆగండి. ఎండిన సొరబుర్ర ముక్కల మీద చెక్కిన అచ్చులు, బాడియే చెట్టు బెరడు దంచి, నానబెట్టి, మరిగించి తీసిన నల్లరంగు. పిల్లల చేత గుడ్డ మీద అద్దిస్తారు. కార్డులతో ముందే ఆడిన పిల్లలైతే ఏ అచ్చు కావాలో వాళ్ళే అడిగి తీసుకుంటారు.