డెబ్బై డాలర్ల మ్యాడెన్ నుంచి డాలరు రెట్రో బౌల్ దాకా: ఎనిమిదేళ్లు ఆడాక నా లెక్క

2017 ఆగస్టులో ఎక్స్‌బాక్స్ వన్ మీద మ్యాడెన్ 18 (అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లతో ఈఏ సంస్థ ఏటా తెచ్చే వీడియో గేమ్) కొన్నప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది ఒక్కటే: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. చదువు కోసం డల్లాస్ వచ్చి అప్పటికి ఆరేళ్లయింది. ఆదివారం మధ్యాహ్నం మిత్రుల ఇంట్లో అందరూ డల్లాస్ జట్టు కౌబాయ్స్ ఆట చూస్తూ అరుస్తుంటే, ఎవరు ఎవరి మీద ఎందుకు పడుతున్నారో అర్థంకాక నేను వంటగది వైపు కబుర్లలోకి వెళ్లిపోయేవాడిని. ఇప్పుడు మూడో డౌన్‌లో (ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు) ఎనిమిది గజాలు కావాల్సి వస్తే డిఫెన్స్ ఎలా నిలబడుతుందో, బంతి కదలకముందే మా అబ్బాయికి చెప్పగలను. ఇదంతా వీడియో గేముల వల్ల నేర్చుకున్నదే. ఏది కొనాలి, ఎంతకు కొనాలి అని కొత్తగా వచ్చిన మనవాళ్లు అడిగినప్పుడల్లా చెప్పే మాటలు ఈసారి ఒకచోట రాస్తున్నాను.

ముందు మ్యాడెన్ 18 సంగతి. అప్పట్లో ధర 60 డాలర్లు, మా దగ్గర పన్ను 8.25 శాతం, అంటే దాదాపు 65. అందులో లాంగ్‌షాట్ అని ఒక కథ ఉంది. టెక్సాస్‌లోని మాథిస్ అనే చిన్న ఊరి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) డెవిన్ వేడ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి రావడానికి పడే పాట్లు. కథ ఎలా ఉన్నా, క్వార్టర్‌బ్యాక్ బుర్రలో ఎంత పని జరుగుతుందో నాకు మొదటిసారి తెలిసింది అక్కడే. తర్వాత ఆట నేర్పే స్కిల్స్ ట్రైనర్‌లో గంటలు గంటలు కూర్చున్నాను. వెనక ఇద్దరు సేఫ్టీలు (అందరికంటే వెనక కాపలా కాసే డిఫెండర్లు) లోతుగా నిలబడితే కవర్ 2 (వెనక భాగాన్ని ఆ ఇద్దరూ చెరిసగం కాసే పద్ధతి) అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు గీత పక్కన, అంచున కాసే కార్నర్ వెనక, సేఫ్టీ రాకముందు ఒక ఖాళీ దొరుకుతుంది. ఒక్క సేఫ్టీయే మధ్యలో ఉంటే కవర్ 3 (వెనక భాగాన్ని ముగ్గురు పంచుకునే పద్ధతి) కావచ్చు, మనిషికి మనిషి కాపలా కూడా కావచ్చు. తేల్చుకోవాలంటే స్నాప్‌కి (బంతి కదిలే క్షణానికి) ముందు ఒక రిసీవర్‌ని (బంతి అందుకునేవాడిని) అటు నుంచి ఇటు నడిపించాలి. డిఫెండర్ వెంటపడితే మనిషి కాపలా, పడకపోతే జోన్, అంటే ఒక్కొక్కరు ఒక్కో చోటు కాయడం. ఈ ఒక్క ముక్క పట్టుబడ్డాక టీవీలో ఆట నాకు వేరేగా కనిపించడం మొదలైంది.

సిమ్యులేషన్‌గా (నిజం ఆటకు నకలుగా) చూడాలంటే మాత్రం ఆటను పెట్టెలోంచి తీసినట్టే ఆడకూడదు. మామూలుగా క్వార్టర్లు చిన్నవిగా ఉంటాయి, దాంతో గణాంకాలు నిజం ఆటకు దగ్గరగా రావు. నేను 12 నిమిషాల క్వార్టర్లు పెట్టి, గడియారాన్ని వేగంగా తగ్గించే సెట్టింగ్ వేసుకుంటాను. ఒక్కో జట్టుకు అరవై పైచిలుకు ప్లేలు వస్తాయి, నిజం ఆటలోనూ ఇంచుమించు అంతే. స్లైడర్లు (ఆట కష్టాన్ని పెంచి తగ్గించే మీటలు) కూడా సర్దుకోవాలి. క్వార్టర్‌బ్యాక్ వేసిన ప్రతి బంతీ చేతిలో పడుతుంటే అది ఫుట్‌బాల్ కాదు. మూడింట రెండు వంతులు చేరాయంటే మంచి రోజు. ఈ సర్దుబాటుకు నాకు రెండు వారాంతాలు పట్టింది, ఆ తర్వాత మూడేళ్లు హాయిగా ఆడాను.

ఇక ధర. పెద్ద ఆటలకు ఇంత రేటు ఎందుకో తెలియాలంటే 2004కి వెళ్లాలి. ఆ ఏడాది ఈఎస్‌పీఎన్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2కె5 అనే ఆటను 19.99 డాలర్లకే అమ్మారు. మిగతావన్నీ 50 డాలర్ల దగ్గర ఉన్న కాలం అది. ఆ దెబ్బకు మ్యాడెన్ 2005 కూడా 29.95కి దిగింది. కొనేవాళ్లకు అంత మంచి రోజులు మళ్లీ రాలేదు. ఎందుకంటే అదే డిసెంబరులో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల పేర్లు, ఆటగాళ్ల పేర్లు సిమ్యులేషన్ ఆటలో వాడుకునే హక్కు ఈఏ ఒక్క సంస్థకే దక్కింది. పోటీ పోయింది. 2007లో 2కె సంస్థ వాళ్లు రిటైరైన దిగ్గజాలను పెట్టి ఆల్-ప్రో ఫుట్‌బాల్ 2కె8 తెచ్చారు కానీ, కౌబాయ్స్ లేని, ప్యాకర్స్ లేని ఆటను జనం ఎన్నాళ్లు ఆడతారు? ఆ ఒప్పందం పోటీని చంపిందని కొనుగోలుదారులు వేసిన దావా 2.7 కోట్ల డాలర్లకు రాజీ అయింది. ఒప్పందాలు మాత్రం పొడిగిస్తూనే వచ్చారు.

2కె5 డిస్కు ఒకటి పాత ఆటల షాపులో దొరికితే, మిత్రుడి ప్లేస్టేషన్ 2 తెచ్చుకుని ఒక నెలంతా ఆడాను. 2019లో అనుకుంటా. బొమ్మలు పాతవే. కానీ పరుగెత్తేవాడిని ఒకడు పట్టుకుంటే ఇంకొకడు వచ్చి మీద పడే తీరు, హాఫ్‌టైమ్‌లో మిగతా ఆటల విశేషాలు చూపించే కార్యక్రమం, ఇవి చూశాక ఇరవై డాలర్లకు ఇంత ఇచ్చారా అని నిజంగా ఆశ్చర్యపోయాను. ఆ కాలంలో దాన్ని ఆడినవాళ్లు ఇప్పటికీ దాని పేరెత్తితే కళ్లు మెరిపిస్తారు. వాళ్ల బాధ నాకు అప్పుడు అర్థమైంది.

2017 నుంచి 2025లో వచ్చిన మ్యాడెన్ 26 దాకా తొమ్మిది మ్యాడెన్‌లు వచ్చాయి. కొత్త కన్సోళ్లు వచ్చాక ధర 60 నుంచి 70కి పెరిగింది. ప్రతి ఏడాదీ విడుదల రోజే కొని ఉంటే పన్నుతో కలిపి 640 డాలర్ల దాకా అయ్యేది. నేను అలా చేయలేదు. 18 పూర్తి ధరకు కొన్నాను. ఆ తర్వాత 20, 23 మాత్రమే కొన్నాను, రెండూ సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) అయ్యాక, ఒక్కోటి ఇరవై డాలర్ల చుట్టుపక్కల. మ్యాడెన్ ధర ఎలా పడుతుందో గమనిస్తే భలే స్పష్టంగా ఉంటుంది. ఆగస్టులో విడుదల, నవంబరు చివర థాంక్స్‌గివింగ్ అమ్మకాల్లో మొదటి పెద్ద తగ్గింపు, సీజన్ ముగిశాక ఇంకా కిందికి. ఆటగాళ్ల జాబితా మారుతుంది కాబట్టి పాత ఏడాది డిస్కును ఎవరూ అడగరు. రెండేళ్ల పాతది సెకండ్‌హ్యాండ్‌లో పది డాలర్ల లోపే చూశాను.

ఇక్కడే ఒక మాట, కన్సోల్ కొనేముందు చదవండి. నేను ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ తీసుకున్నాను, చవక అని. దాంట్లో డిస్కు పెట్టే చోటే లేదు. అంటే సెకండ్‌హ్యాండ్ షాపు దారి మూసుకుపోయినట్టే. అమ్మకమూ లేదు, అరువూ లేదు, ఆన్‌లైన్ దుకాణం ఎంత అంటే అంత. ఫుట్‌బాల్ ఆటల్లాగా ఏటా విలువ పడిపోయే సరుకు కొనేవాళ్లకు డిస్కు ఉన్న కన్సోల్ మీద పెట్టిన అదనపు డబ్బు కొన్నేళ్లలో తిరిగి వస్తుంది. మీకు డిస్కు లేకపోతే ఈఏ ప్లే చందా చూడండి. నెలకు 5.99 డాలర్లు. కొత్త ఆటను పది గంటలు ఆడి చూడొచ్చు, పాత మ్యాడెన్‌లు కొన్ని పూర్తిగా ఉంటాయి. పది గంటల్లో మీకు అది సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది.

పూర్తి ధర పెట్టి, ఏమాత్రం బాధ లేకుండా కొన్న ఆట ఒకటుంది: కాలేజ్ ఫుట్‌బాల్ 25. 69.99 డాలర్లు, పన్నుతో 75.76. 2013 జులైలో వచ్చిన ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14 తర్వాత కాలేజీ ఆట 11 ఏళ్లు రాలేదు. విద్యార్థి ఆటగాళ్ల పోలికలను వాళ్లకు డబ్బివ్వకుండా వాడుకోవడం మీద కోర్టు కేసులు నడిచాయి, దాంతో సిరీస్ ఆగింది. ఆ పదకొండేళ్లలో పాత డిస్కు ధర తగ్గడం పోయి వంద డాలర్లు దాటింది. అభిమానులు ఏటా జట్లను చేత్తో సరిచేసి ఆ ఆటను బతికించారు. చివరికి 2024 జులై 19న కొత్తది వచ్చింది. ఈసారి పేరు వాడుకోవడానికి ఒప్పుకున్న ప్రతి ఆటగాడికీ 600 డాలర్లు, ఒక ఆట కాపీ. అది నాకు నచ్చింది. ధర చూసేటప్పుడు ఆ డబ్బులో కొంత ఆడినవాళ్లకు చేరిందా అనేది కూడా చూడాలి కదా.

ఇందులో 134 జట్లున్నాయి. బాగా పండిన విషయం మైదానాల హోరు. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ల కైల్ ఫీల్డ్‌లో, లక్ష మందికి పైగా పట్టే చోట, బయటి జట్టుగా మూడో డౌన్ ఆడితే తెర వణుకుతుంది, రిసీవర్ల దారి గీతలు వంకర్లు పోతాయి. కుర్రాడైన క్వార్టర్‌బ్యాక్‌కి ఏమీ వినబడదు, మనకూ ఏమీ కనబడదు. ఆ టెన్షన్ మ్యాడెన్‌లో నాకు ఎప్పుడూ రాలేదు.

నేను చదివిన యూటీ డల్లాస్‌కు ఫుట్‌బాల్ జట్టు లేదు. అక్కడ చదివిన తెలుగువాళ్లకు తెలుసు, శరదృతువులో మిగతా యూనివర్సిటీల వాళ్లు శనివారాలు తమ రంగుల చొక్కాలు వేసుకు తిరుగుతుంటే మనకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఈ ఆటలోని టీమ్ బిల్డర్‌లో మా అబ్బాయి, నేను కలిసి నారింజ, ఆకుపచ్చ రంగులతో ఆ జట్టును తయారుచేశాం. ఒక జట్టును తీసేసి దాని స్థానంలో, ఏళ్ల తరబడి ఒకే జట్టును నడిపే డైనస్టీ మోడ్‌లోకి తెచ్చుకున్నాం. మొదటి సీజన్‌లో రెండే గెలిచాం. మూడో సీజన్‌కి డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఒక రిసీవర్‌ని ఒప్పించి తెచ్చుకున్నప్పుడు మావాడు సోఫా మీద ఎగిరిన ఎగురు నాకు గుర్తుండిపోతుంది. నాలుగు వందల గంటలు దాటాం. గంటకు ఇరవై సెంట్లు కూడా పడలేదు. ఒక్క లోటు, ఇది పీసీలో రాలేదు. కన్సోల్ ఉండాల్సిందే.

ఇప్పుడు బొమ్మలు అసలే లేని ఆట. ఫ్రంట్ ఆఫీస్ ఫుట్‌బాల్ ఎయిట్, జిమ్ గిండిన్ ఒక్కడే 1998 నుంచి పెంచుకుంటూ వస్తున్న సిరీస్. పీసీలో స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం ద్వారా కొన్నాను, ముప్ఫై డాలర్ల లోపే. తెరచి చూస్తే పట్టికలు, అంకెలు, ఆట జరుగుతుంటే ఒక్కో ప్లేకి ఒక్కో వాక్యం. మొదటి వారం మూసేశాను. రెండో వారం మళ్లీ తెరిచాను, ఆ శీతాకాలమంతా వదల్లేదు. మనం ఇక్కడ బంతి విసరం, జట్టును నడుపుతాం. జీతాల పరిమితి ఎంత కిరాతకంగా పనిచేస్తుందో ఇదే నేర్పింది. ఒక ఆటగాడికి నాలుగేళ్ల ఒప్పందంలో 2 కోట్ల డాలర్ల సైనింగ్ బోనస్ (సంతకం చేసినందుకు ఇచ్చే మొత్తం) ఇచ్చాం అనుకోండి. లెక్కలో ఏడాదికి 50 లక్షల చొప్పున పడుతుంది. ఏడాది తర్వాత వాడిని తీసేస్తే మిగిలిన కోటిన్నర లెక్కలోనే ఉంటుంది. బండి అమ్మేసినా దాని అప్పు కడుతున్నట్టు. ఇది తెలిశాక కౌబాయ్స్ ఏటా వేసవిలో ఒప్పందాల దగ్గర ఎందుకు తాత్సారం చేస్తారో వార్తలు చదివితే అర్థమవుతోంది. మ్యాడెన్ ఫ్రాంచైజీలోనూ ఈ పరిమితి ఉంది, కానీ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) ఎవరిని తీసుకోవాలని అర్ధరాత్రి దాకా కాగితం మీద రాసుకున్నది మాత్రం ఈ ఆటకే.

ఆక్సిస్ ఫుట్‌బాల్ కూడా ఆడాను, స్టీమ్‌లో. ఎన్‌ఎఫ్‌ఎల్ హక్కులు లేవు కాబట్టి జట్లు కల్పితం, రంగులూ గుర్తులూ మనం మార్చుకోవచ్చు. చిన్న బృందం చేసిన పని, కదలికల్లో ఆ తేడా కనిపిస్తుంది. కోచ్‌గా ప్లేలు మాత్రం పిలుస్తూ చూడటం ఇష్టమైనవాళ్లకు బాగుంటుంది. సగం ధరకు వచ్చినప్పుడు తీసుకోండి.

రెట్రో బౌల్ ఫోన్‌లో ఉచితం, 99 సెంట్లు కడితే అదనపు సౌకర్యాలు తెరుచుకుంటాయి. జట్టుకు పది పైచిలుకు మంది, మనం అటాక్ మాత్రమే ఆడతాం, డిఫెన్స్ ఫలితం దానంతట అదే వస్తుంది. సిమ్యులేషన్ అనిపించుకోవాలంటే ఇందులో ఇంకా చాలా ఉండాలి. కానీ హైదరాబాద్‌లో ఉండే మా బావమరిదికి ఫుట్‌బాల్ అంటే ఏమిటో నేను గంటసేపు ఫోన్‌లో చెప్పినా ఎక్కలేదు. ఈ ఆట వేసుకున్న రెండో రోజు ఫోన్ చేసి, "బావా, నాలుగో డౌన్‌లో కిక్ కొట్టాలా, ముందుకు పోవాలా?" అని అడిగాడు. అమెరికా రాబోతున్న విద్యార్థులకు నేను మొదట చెప్పేది దీని గురించే.

పిల్లలున్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఆటగాళ్ల కార్డులు ప్యాకుల్లో అమ్మే మోడ్‌లు చాలా క్రీడల ఆటల్లో ఉన్నాయి. ఏ ప్యాకులో ఎవరు వస్తారో తెలియదు, వచ్చే ఏడాది కొత్త ఆటకు ఆ కార్డులు సాధారణంగా రావు. మా ఇంట్లో ఒక ఆటలో, దాని పేరు అనవసరం, మావాడు రెండు రోజుల్లో 40 డాలర్ల ప్యాకులు కొన్నాడు. వాడిని కోప్పడలేదు. ఆ దుకాణానికి కార్డు నంబరు వదిలింది నేను. ఇప్పుడు కొనాలంటే నా పాస్‌వర్డ్ కావాలి, మేం డైనస్టీ తప్ప వేరే మోడ్ ఆడం. పెట్టె మీద 70 అని రాసి ఉన్న ఆట ఇలా చూస్తుండగానే 200 అవుతుంది. ధరలు పోల్చేటప్పుడు ఈ లెక్క ముందు వేసుకోండి.

నేను ఈ ఎనిమిదేళ్లలో ఆటలన్నిటికీ కలిపి పెట్టింది, ఆ 40 కలుపుకున్నా, 300 డాలర్లు దాటలేదు. ఎవరైనా ఈ రోజు మొదలుపెడుతుంటే: ఫోన్‌లో రెట్రో బౌల్ ఒక నెల, తర్వాత ఈఏ ప్లేలో పాత మ్యాడెన్, ఆట నచ్చితే కాలేజ్ ఫుట్‌బాల్ ఒకటి పూర్తి ధరకైనా సరే. లెక్కలు ఇష్టమైనవాళ్లు ఫ్రంట్ ఆఫీస్ ఫుట్‌బాల్ ఎప్పుడైనా తీసుకోవచ్చు, అది పాతబడదు. మ్యాడెన్ 26 మాత్రం నేను ఇంకా కొనలేదు. "నాన్నా, ఎప్పుడు?" అని మావాడు అడుగుతున్నాడు. ఫిబ్రవరిలో, సూపర్ బౌల్ అయిన వారం.