సౌర సైకిల్ ట్రాక్: రెండేళ్లు కప్పు కింద తొక్కిన తర్వాత

2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు వెంట సౌర ఫలకాల కప్పుతో సైకిల్ ట్రాక్ తెరిచినప్పుడు, ఇక ఎండ తగలకుండా ఆఫీసుకు వెళ్లవచ్చునని మా వీధిలో అందరికంటే ఎక్కువ సంబరపడినవాణ్ణి నేనే. మొత్తం 23 కిలోమీటర్లలో పోలీసు అకాడమీ కూడలి నుంచి నానక్‌రామ్‌గూడ వరకు ఉన్న 8.5 కిలోమీటర్లు నా నిత్య ప్రయాణం.

నీడ గురించి అప్పట్లో కనిపించినవారందరికీ చెప్పిన మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. మధ్యాహ్నం కప్పు చల్లగా కాపాడుతుంది. కానీ ఆఫీసుకు వెళ్లేవాడు మధ్యాహ్నం సైకిలు తొక్కడు. ఈ దారి దాదాపు దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది కనుక, ఉదయం ఏటవాలు ఎండ కప్పు కిందుగా దూరి నా కుడి చెంపమీద పడుతుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు పడమటి ఎండ కూడా ఆ కుడి చెంపనే వెతుక్కుంటుంది.

కప్పు అసలు విలువ నాకు తెలిసింది వానలో. నిరుడు జూలైలో ఒక సాయంత్రం కుండపోత కురిసి, పక్కన కార్లు బారులు తీరి నిలిచిపోయిన వేళ, గాలివాటుకు పడిన జల్లు తప్ప పెద్దగా తడవకుండా, క్యారియర్ మీద ల్యాప్‌టాప్ సంచితో దర్జాగా ఇంటివైపు వచ్చాను. ఆ దర్జా ట్రాక్ చివరి వరకే. అక్కడి నుంచి మా ఇంటికి అర కిలోమీటరు కూడా లేదు. అయితే ఆ కాస్త దూరం కప్పూ ప్రత్యేక వరుసా లేని మామూలు రోడ్డు. నీళ్లు నిండి రోడ్డుతో సమానంగా కనిపించిన గుంతలో ముందు చక్రం దిగింది, రిమ్ము వంగింది, మోచేయి చీరుకుపోయింది, ల్యాప్‌టాప్ సంచి నీళ్లలో తేలింది. ఎనిమిదిన్నర కిలోమీటర్లు పొడిగా తెచ్చిన దారి నన్ను గుమ్మం ముందు ముంచిందన్న కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆదివారం పిల్లలతో వచ్చేవారికి ఈ బాధ లేదు. వారు సైకిలును కారులో తెచ్చుకుంటారు. నాకు మాత్రం ఇల్లు ఒక కొసనా ఆఫీసు మరో కొసనా ఉండడంవల్లే ఇది రోజువారీ దారి అయింది. ఈ ట్రాక్‌కు దూరంగా, నగరం లోపలి మెహిదీపట్నం నుంచి వచ్చే నా సహోద్యోగికి దీనివల్ల ఒరిగిందేమీ లేదు. నేనైతే తొక్కడం మానలేదు. వాన పడిన రోజు ట్రాక్ చివరన దిగి, మిగిలిన దూరం సైకిలును నడిపించుకుంటూ వెళ్తున్నాను.