చిమ్నీ డీప్ క్లీనింగ్‌కు పిలిచే ముందు జాగ్రత్త: నురగ వచ్చిందంటే మురికి పోయినట్టు కాదు

వంటగది చిమ్నీని శుభ్రం చేయించుకోవాలనుకునే వారందరికీ ఇది ఒక హెచ్చరిక. డీప్ క్లీనింగ్ పేరుతో ఇంటికి వచ్చే సర్వీసు వారికి చిమ్నీని అప్పగించే ముందు, వారు తెచ్చిన డబ్బాలో ఏ రసాయనం ఉందో, దానిని ఏ భాగం మీద వాడబోతున్నారో తప్పనిసరిగా అడగండి. సూటిగా సమాధానం రాకపోతే పని మొదలుపెట్టనివ్వకండి. ఇలా అడగనివ్వకుండా హడావుడి చేసి, బాగా ఉన్న మా ఫిల్టర్లను, మోటారును ఒక సర్వీసు సంస్థ మనిషి పాడుచేశాడు. అదే నష్టం మరొకరికి జరగకూడదనే ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

మా చిమ్నీ పొగను సరిగా లాగడం లేదని పిలిచాము. వచ్చిన టెక్నీషియన్ అల్యూమినియం మెష్ ఫిల్టర్లను ఊడదీసి ఒక టబ్బులో పెట్టి, లేబుల్ లేని డబ్బాలోంచి నీళ్లలాంటి ద్రవం పోసి, దాని మీద వేడినీళ్లు పోశాడు. వెంటనే బుసబుసమని నురగ లేచింది, గొంతు మండే ఘాటు వంటగదంతా నిండింది. మురికి ఎలా వదులుతోందో చూడండి అని అతను ధీమాగా చెప్పాడు. ఫిల్టర్లు బయటికి తీసేసరికి వెండిలా ఉండవలసిన జాలీ నల్లబారింది, వేలితో రాస్తే నల్లటి పొడి అంటుకుంది. ఈలోగా అదే ద్రవాన్ని స్ప్రే సీసాలో నింపి, పొగను లాగే ఫ్యాన్ అయిన బ్లోయర్ లోపలికి కొట్టి, దాని మీద నీళ్లు కూడా చల్లాడు. స్విచ్ వేయగానే మోటారు గరగరలాడింది. అప్పుడతను నెమ్మదిగా, మోటారు అప్పటికే అరిగిపోయిందనీ, ఫిల్టర్లు పాతబడ్డాయనీ, రెండూ తమ దగ్గరే కొని మార్పించుకోవాలనీ చెప్పాడు. రసీదులో మాత్రం ఏ రసాయనం వాడారో ఒక్క ముక్క లేదు.

ఆ నురగ సంగతి అందరూ తెలుసుకోవాలి. జిడ్డును వేగంగా కరిగించే ఘాటైన ద్రవాలలో చాలావాటికి ఆధారం కాస్టిక్ సోడా. అల్యూమినియం పైన సహజంగా ఒక పలుచని ఆక్సైడ్ పొర ఉండి లోహాన్ని కాపాడుతుంది. కాస్టిక్ సోడా ముందు ఆ పొరను కరిగించి, ఆ తర్వాత లోహాన్నే తినడం మొదలుపెడుతుంది, ఆ చర్యలో హైడ్రోజన్ వాయువు బుడగలుగా వెలువడుతుంది. అంటే మనకు మురికి వదులుతున్నట్టు కనిపించే ఆ బుసబుస, చాలావరకు ఫిల్టరే కరిగిపోతున్న చప్పుడు. వేడినీళ్లు కలిస్తే ఈ చర్య మరింత ఉధృతమవుతుంది. పైగా హైడ్రోజన్ మండే వాయువు కనుక, పక్కనే పొయ్యి వెలుగుతున్న వంటగదిలో, తలుపులు మూసి ఈ పని చేయడం ప్రమాదకరం. కంట్లో గానీ చర్మం మీద గానీ పడితే కాస్టిక్ సోడా తీవ్రంగా కాలుస్తుంది. మా ఇంటికి వచ్చిన మనిషి చేతులకు తొడుగులు కూడా లేవు, అతని కోసం కూడా నాకు బాధ కలిగింది.

జాలీకి బదులు వంపు తిరిగిన పలకలుండే, స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన బాఫిల్ ఫిల్టర్లు ఇదే ద్రవాన్ని చాలావరకు తట్టుకుంటాయి. అందుకే చాలామంది టెక్నీషియన్లు అన్ని చిమ్నీలకూ ఒకే డబ్బా వాడేస్తారని నా అభిప్రాయం. మీ ఫిల్టరు ఏ లోహమో తెలియకపోతే అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే అది అల్యూమినియం కాదని ఖాయం. అతుక్కోకపోతే మాత్రం తొందరపడి ఒక నిర్ణయానికి రావద్దు, ఎందుకంటే కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా అయస్కాంతం అంటుకోదు. అప్పుడు చిమ్నీతో వచ్చిన పుస్తకం చూడటమే సరైన పని. స్టీలు ఫిల్టర్ల మీద కూడా బ్లీచింగ్ ద్రవం వాడనివ్వకండి, దానిలోని క్లోరిన్ వల్ల స్టీలు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. బ్లీచింగ్ ద్రవాన్ని ఆమ్లంతో గానీ, అమోనియా ఉన్న క్లీనరుతో గానీ కలిపితే విషవాయువులు పుడతాయి కనుక, రెండు మూడు సీసాలు వరుసగా వాడుతున్నా అభ్యంతరం చెప్పండి.

తర్వాత చిమ్నీ తయారుచేసిన సంస్థ తరఫు టెక్నీషియన్ వచ్చి బ్లోయరును విప్పినప్పుడు, లోపల తెల్లటి పొరలా రసాయనం ఎండిపోయి ఉంది, మోటారు బేరింగులోకి నీరు చేరింది. బయటివారు రసాయనం వాడారు కనుక వారంటీ వర్తించదని ఆయన చెప్పారు. అన్నిటికంటే బాధ కలిగించిన విషయం వేరే ఉంది. మేము మొదట ఫిర్యాదు చేసిన పొగ సమస్యకు కారణం ఫిల్టరూ కాదు, మోటారూ కాదు. పొగను బయటికి పంపే డక్ట్ పైపుకు గోడ బయట చివర ఉండే రెక్క జిడ్డుకు అతుక్కుపోయి తెరుచుకోవడం లేదు, అంతే. దానిని తుడవగానే గాలి దారి తెరుచుకుంది. మొదట వచ్చిన మనిషి ఆ వైపు తొంగి కూడా చూడలేదు.

కాబట్టి లాగుడు తగ్గిందంటే ముందుగా గాలి బయటికి పోయే దారిని చూడమనండి. 6 అంగుళాల పైపు ఉండవలసిన చోట 4 అంగుళాల పైపు బిగిస్తే, గాలి వెళ్లే వైశాల్యం దాదాపు 44 శాతానికి పడిపోతుంది. అటువంటి చోట ఫిల్టర్లను ఎంత తోమినా ప్రయోజనం ఉండదు. ముడతల పైపులో, వంపుల దగ్గర జిడ్డు ఎక్కువగా పేరుకుంటుంది. పని మొదలుపెట్టక ముందు ఒక పలుచని టిష్యూ కాగితాన్ని ఫిల్టరు దగ్గర పెట్టి అది అతుక్కుంటుందో లేదో చూడండి, పని అయ్యాక టెక్నీషియన్ ఎదురుగానే మళ్లీ చూడండి. తేడా ఏమీ లేకపోతే ఆయనను అడిగే హక్కు మీకుంది.

ఆటో క్లీన్ ఉంది కనుక ఇక ఏమీ తుడవనక్కరలేదని అమ్మేవారు చెప్పే మాటను కూడా నమ్మకండి. చాలా మోడళ్లలో ఆ మీట నొక్కితే బ్లోయరు చుట్టూ ఉన్న హీటరు వేడెక్కి, అక్కడి జిడ్డు కరిగి కింద ఉన్న నూనె కప్పులోకి కారుతుంది. ఫిల్టరు గానీ, డక్ట్ పైపు గానీ దానివల్ల శుభ్రపడవు. ఆ కప్పును కూడా మనమే ఖాళీ చేయాలి, లేకపోతే నిండి పొయ్యి మీదికి కారుతుంది.

నిజానికి ఫిల్టర్ల పనికి బయటివారిని పిలవనవసరమే లేదు. ప్లగ్ తీసేసి, చిమ్నీ చల్లారాక ఫిల్టర్లు ఊడదీసి, అంట్లు తోమే లిక్విడ్ కలిపిన వేడినీళ్లలో కాసేపు నానబెట్టి, మెత్తని బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరాక బిగిస్తే చాలు. నూనె వంట ఎక్కువైన ఇళ్లలో 2 వారాలకొకసారి, మిగతా ఇళ్లలో నెలకొకసారి ఇలా చేస్తే జిడ్డు గట్టిపడదు, ఘాటైన రసాయనం అవసరమే రాదు. స్టీలు పీచు వద్దు. పైపు లేకుండా గాలిని తిరిగి గదిలోకే వదిలే చిమ్నీలలో బొగ్గు ఫిల్టరు ఉంటుంది, దానిని సాధారణంగా కడగరు, గడువుకు మార్చాలి.

ఈ అనుభవం వల్ల భయపడి చిమ్నీని అలాగే వదిలేయవద్దు. పేరుకున్న జిడ్డు మండే పదార్థం, పొయ్యి మీద గిన్నె లేకుండా మంట పెద్దగా పెడితే అంటుకునే ప్రమాదం ఉంది. బ్లోయరు విప్పవలసి వస్తే మాత్రం తయారీ సంస్థ గుర్తింపు ఉన్నవారినే పిలవండి. వారు వచ్చాక చిమ్నీని ఒకసారి నడిపించి వీడియో తీయండి, వాడే రసాయనం పేరు జాబ్ కార్డులో రాయించండి, మోటారు మీద నేరుగా ఏదీ కొట్టవద్దని ముందే చెప్పండి. ఏ భాగమైనా మార్చాలంటే పాత భాగాన్ని మీ దగ్గరే ఉంచుకోండి, చిమ్నీ అన్ని వేగాలలోనూ గరగర చప్పుడు లేకుండా నడిచేదాకా సంతకం పెట్టకండి.