మనం వేరే రాష్ట్రానికి, పిల్ల భీమవరంలో: హాస్టలా, అమ్మమ్మ ఇల్లా, గదా, అమ్మ ఉండిపోవడమా?

రొయ్య పని తెలిసినవాళ్ళకి మన గోదావరి డెల్టా దాటితే కూడా గిరాకీ ఉంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు నుంచి టెక్నీషియన్లు, మేత కంపెనీల వాళ్ళు గుజరాత్‌కీ ఒడిశాకీ వెళ్ళడం చూస్తూనే ఉన్నాం. అంతకు ముందు తరంలో తుంగభద్ర ఆయకట్టు కింద భూములు కొనుక్కుని సింధనూరు, గంగావతి వైపు వెళ్ళిన గోదావరి రైతులు అక్కడ ఊళ్ళే కట్టుకున్నారు. వాటిని ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. వాళ్ళు వెళ్ళినప్పుడు గొడ్డూ గోదాతో ఇల్లంతా కదిలింది. ఇప్పుడు అలా కుదరడం లేదు. ఉద్యోగం కదులుతోంది, కాలేజీలో సీటు వచ్చిన పిల్ల కదలలేకపోతోంది.

ఈ ఏడాది మా ఇంట్లోనూ అదే వచ్చింది. మా ఆయనకి సూరత్ దగ్గర చెరువుల మీద పని. బాబు ఏడో తరగతి, వాడు మాతో వస్తాడు. అమ్మాయి భీమవరంలో బీటెక్ రెండో ఏడాది. పిల్లని ఎక్కడ ఉంచాలన్న దాని మీద ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒక్కో మాట అన్నారు. అన్నీ విన్నాక నాకు అనిపించింది ఒకటే. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది అని లెక్కలు వేసుకునే ముందు, రాత్రి పదింటికి జ్వరం వచ్చిందని ఫోన్ వస్తే గంటలో ఎవరు వెళ్ళగలరో తేల్చుకోవాలి. ఆ మనిషి ఉంటే ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా కాలేజీ హాస్టలే మేలని నా నమ్మకం. ఆ మనిషి లేకపోతే మిగతా ఏ ఏర్పాటూ నిలబడదు.

మనతో తీసుకెళ్ళిపోతే?

ముందు దీని సంగతి చూద్దాం, ఎందుకంటే పిల్ల ఏ క్లాసులో ఉందన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. బీటెక్ మధ్యలో వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీకి మారాలంటే అక్కడ సీటు ఖాళీ ఉండాలి, సిలబస్ సరిపోవాలి, రెండు వైపులా అనుమతి ఇవ్వాలి. దాని వెనక తిరిగేలోపు ఒక ఏడాది పోతుంది. డిగ్రీ, బీటెక్ పిల్లల విషయంలో ఆ ఆశ వదులుకోవడమే మంచిది.

తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలున్న వాళ్ళు మాత్రం ఒక విషయం తప్పకుండా తెలుసుకోవాలి. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సుల కన్వీనర్ సీట్లలో, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం లోకల్ అభ్యర్థులవి. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఇక్కడ చదివితేనే చదువు ప్రకారం లోకల్ కింద లెక్క. మధ్యలో సూరత్‌కో బళ్ళారికో తీసుకెళ్ళి అక్కడ ప్లస్ టూ చదివిస్తే ఆ వరుస తెగిపోతుంది. తల్లిదండ్రుల్లో ఒకరు మొత్తం పదేళ్ళు రాష్ట్రంలో ఉన్నట్టు చూపిస్తే మిగిలిన 15 శాతంలో పోటీ పడవచ్చు గానీ, ఆ వాటాలో మెరిట్ మీద లోకల్ పిల్లలు కూడా ఉంటారు. కాకినాడలో జేఎన్‌టీయూ మీదో రంగరాయ మెడికల్ కాలేజీ మీదో ఆశ పెట్టుకున్న పిల్లలకి ఇది చిన్న తేడా కాదు. ఇంటర్ అయ్యేదాకా ఇక్కడే ఉంచమని నేను గట్టిగా చెబుతాను.

అమ్మమ్మ ఇల్లు

"నా ఇంట్లో మంచం ఖాళీగా ఉండగా మనవరాలు డబ్బు కట్టి హాస్టల్లో ఉండటమేంటే?" అని మా అమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆవిడ ప్రేమలో లోటు లేదు. పొద్దున్నే పెరట్లో కొబ్బరాకు పొయ్యి మీద వేడి నీళ్ళు, పెరుగులో మీగడ, సాయంత్రం వచ్చేసరికి ఏదో ఒక పిండివంట. ఇవేవీ హాస్టల్లో దొరకవు. అదంతా ఒప్పుకున్నాకే మిగతాది మాట్లాడాలి.

మా అమ్మ ఉండేది పాలకొల్లు దగ్గర యలమంచిలి వైపు, గోదావరి లంక ఊళ్ళో. అక్కడి నుంచి భీమవరం రోజూ వెళ్ళి రావడమంటే బస్సుల్లోనే సగం ఓపిక పోతుంది. దానికి తోడు జూలై, ఆగస్టు నెలల్లో వరద. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు, 11.75 అడుగులు అంటే మొదటి ప్రమాద హెచ్చరిక. ఆపాటికే పల్లపు కాజ్‌వేల మీదికి నీళ్ళు ఎక్కి, చాకలిపాలెం, కనకాయలంక లాంటి చోట్ల పడవలు దించుతారు. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో జనం ఎన్ని అవస్థలు పడ్డారో మన వాళ్ళకి చెప్పక్కర్లేదు. కాలేజీలకి వరద సెలవు జిల్లా అంతా ఇవ్వరు. భీమవరంలో క్లాసులు జరుగుతూనే ఉంటాయి. హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య పడితే కారణం చూపించి, ఫైన్ కట్టి గట్టెక్కాలి. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సిందే.

అమ్మమ్మ ఇల్లు భీమవరం టౌన్లోనే ఉండి, ఆవిడ ఆరోగ్యంగా తిరుగుతూ ఉంటే నా మాట వేరుగా ఉండేది. ఆ అదృష్టం ఉన్నవాళ్ళు హాస్టల్ గురించి ఆలోచించక్కర్లేదు.

అమ్మమ్మ కాకుండా మేనమామ, పెదనాన్న, బాబాయి ఇళ్ళయితే ఇంకో సంగతి ఉంది. మన వైపు అన్నం దగ్గర ఎవరూ లెక్క చెప్పరు. కానీ పిల్ల రాత్రి రెండింటిదాకా లైటు వేసుకుని చదివినప్పుడు, స్నేహితురాలి పుట్టినరోజని ఆలస్యంగా వచ్చినప్పుడు, వాళ్ళింట్లో పిల్లాడికి మార్కులు తగ్గినప్పుడు ఏదో ఒక మాట బయటపడుతుంది. గట్టిగా కోప్పడితే మనం ఏమనుకుంటామో అని వాళ్ళకి మొహమాటం, ఆకలేస్తోందని అడగడానికి పిల్లకి మొహమాటం. ఏడాది తిరిగేసరికి మేనరికం మాటలు కూడా మొదలవుతాయి. చుట్టరికం నాలుగేళ్ళపాటు ఆ ఒత్తిడి పడటం నాకు ఇష్టం లేదు. వాళ్ళని ఆపదలో పిలవాల్సిన మనుషులుగా నిలుపుకోవాలి. రోజువారీ బరువు వాళ్ళ మీద పెడితే ఆ పిలుపు కష్టమవుతుంది.

హాస్టల్

హాస్టల్ చూడటానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్తే ఏమీ తెలియదు. ఆ రోజు చికెన్ ఉంటుంది, వార్డెన్ గారు దగ్గరుండి చూపిస్తారు. మామూలు రోజు రాత్రి భోజనాల వేళకి వెళ్ళాలి. ఆలస్యంగా వచ్చిన పిల్లలకి కూర మిగిలిందో లేదో, వాళ్ళు సాంబారు పోసుకుని లేచిపోతున్నారో చూడాలి. నీళ్ళ సంగతి వంటామెని అడగాలి. భీమవరం చుట్టుపక్కల బోరు నీళ్ళు ఉప్పన, తలస్నానం చేస్తే జుట్టు పీచులా అయిపోతోందని ఆడపిల్లలు ఏడుస్తారు. తాగేవి క్యాన్ నీళ్ళా, ఆర్వో ప్లాంటా? ఎండాకాలం కాలువలు కట్టేశాక స్నానాలకి నీళ్ళు ఎక్కడివి? ఫీజు గురించి అడిగినంత శ్రద్ధగా ఇవి అడగాలి.

హాస్టల్లో నాకు నచ్చింది నడక సౌకర్యం. ల్యాబ్ అయిదింటికి అయితే అయిదూ పదికి గదిలో ఉంటుంది. పరీక్షల ముందు పక్క గదిలో అదే చదువు చదువుతున్న పిల్ల దొరుకుతుంది. బస్సు రాలేదనో వాన పడిందనో హాజరు పోదు. ఒంటరితనం ఉండదని చెప్పను. మొదటి రెండు నెలలు సాయంత్రాలు కష్టంగానే ఉంటాయి, ఫోన్లో గొంతు విని మనకీ టెన్షన్ వస్తుంది. అయితే ఆ దిగులు పిల్లలు నలుగురూ ఒకే గదిలో కలిసి పడతారు. బంధువుల ఇంట్లో అయితే ఒక్కత్తే దాచుకుని పడుతుంది.

హాస్టల్ ఫారంలో లోకల్ గార్డియన్ అని ఒక గడి ఉంటుంది. చాలామంది ఆ గడిలో ఎవరో ఒకరి పేరు రాసి సంతకం పెట్టేస్తారు. నా దృష్టిలో ఫారం మొత్తంలో అసలైన గడి అదే. ఔట్‌పాస్ కావాలంటే వార్డెన్ రిజిస్టర్‌లో ఉన్న నంబర్‌కే ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ ఎవరూ ఎత్తకపోతే పిల్ల గేటు దాటలేదు. నాన్న చెరువు గట్టు మీద ఉంటే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల హోరులో ఫోన్ మోగినా వినపడదు. అందుకే మొదటి నంబర్ అమ్మది, రెండోది గార్డియన్‌ది ఇవ్వాలి.

మా చెల్లెలు పాలకొల్లులో ఉంటుంది. సంగతి చెప్పగానే "నా పేరు రాసెయ్యక్కా, అడగాలా" అంది. "రాయడం వరకే అయితే అడగనే. అర్ధరాత్రి వార్డెన్ ఫోన్ చేస్తే బండి తీసి వెళ్ళాలి. మరిది గారితో కూడా మాట్లాడి చెప్పు" అన్నాను. మర్నాడు ఇద్దరూ వచ్చి, ఫొటోలు, ఆధార్ జిరాక్సులు ఇచ్చి, వార్డెన్ గారికి ముఖం చూపించి వెళ్ళారు. ఆ తర్వాతే నాకు సామాన్లు సర్దడానికి చేతులాడాయి. పద్దెనిమిది దాటిన పిల్ల ఆసుపత్రిలో తన సంతకం తనే పెట్టగలదు. కానీ సెలైన్ ఎక్కుతుంటే పక్కన కూర్చోవడానికి, అడ్వాన్స్ కట్టడానికి, రిపోర్టు పట్టుకుని పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి ఒక పెద్దమనిషి కావాలి. అందుకని చెల్లెలి దగ్గర కొంత డబ్బు విడిగా ఉంచాను. తీసుకోనంటే వినలేదు. ఆ డబ్బు చేతిలో ఉంటే మా ఫోన్ కలిసేదాకా ఆగక్కర్లేదు.

గది

కాలేజీ చుట్టూ ఉండే అద్దె గదులూ, ప్రైవేటు హాస్టళ్ళూ మూడో ఏడాది, నాలుగో ఏడాది మగపిల్లలకి పనికొస్తాయి. ముగ్గురు కలిసి తీసుకుంటే ఖర్చు తక్కువే. కానీ మధ్యలో ఒకడు ఖాళీ చేస్తే అద్దె మిగతా ఇద్దరి మీద పడుతుంది, వంట వారం రోజుల ముచ్చట అయ్యి తర్వాత బయట తిండే మిగులుతుంది. ఊరు దాటి వెళ్తున్న తల్లిదండ్రులకి ఇది మొదటి ఏడాదే వద్దు. తలుపు దగ్గర పిల్లాడు రాలేదని గమనించే మనిషి ఉండడు.

అమ్మ ఉండిపోతే

ఈ మాట మా అత్తగారు అన్నారు, నేనూ చాలా రాత్రులు దీని గురించే ఆలోచించాను. ఇల్లు ఇక్కడే ఉంటుంది, పిల్లకి వేడిగా అన్నం దొరుకుతుంది, ఆయన నెలకో రెండు నెలలకో వచ్చి వెళ్తారు. వినడానికి బాగుంది. కానీ బాబు సంగతి ఏమిటి? వాడు నాతో ఉంటే నాన్న లేకుండా, నాన్నతో వెళ్తే అమ్మ లేకుండా పెరగాలి. చెరువుల మీద పని అంటే రాత్రిళ్ళు కూడా మేలుకోవాలి. గుజరాత్‌లో రొయ్య పంట ఎక్కువగా ఎండాకాలం నుంచి వానాకాలం దాకా సాగుతుంది, ఆ నెలల్లో సెలవు దొరకదు. అంటే పండక్కి తప్ప ఆయన రాలేరు. రెండు వంటిళ్ళ ఖర్చు సరే, నా కోసం ఇంతమంది విడిపోయారన్న బరువు పిల్ల నెత్తిన పడుతుంది.

పబ్లిక్ పరీక్షలు, ఆ వెంటనే ఎంట్రన్స్ ఉన్న ఇంటర్ రెండో ఏడాది పిల్ల అయితే నేను ఉండిపోయేదాన్నే. అది కొన్ని నెలల్లో అయిపోతుంది, ఎప్పుడు బయల్దేరతామో అందరికీ తెలుసు. బీటెక్‌కి ఇంకా మూడేళ్ళుంది. ఎప్పటిదాకా అన్నది తెలియకుండా ఇల్లు రెండుగా చీలితే మళ్ళీ కలిపే రోజు జరుగుతూ పోతుంది.

వెళ్ళే ముందు కాగితాలు

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకి ఇది ముఖ్యం. డబ్బు వచ్చే దారి ప్రభుత్వాలతో మారుతూ వచ్చింది. 2021 నుంచి తల్లి ఖాతాలో వేశారు, తర్వాత జాయింట్ ఖాతా అన్నారు, ఇప్పుడు కాలేజీకే వెళ్తోంది. ఏది వచ్చినా తల్లీ పిల్లల ఆధార్‌కి కలిసిన ఫోన్ నంబర్లు బతికి ఉండాలి, ఓటీపీలు వాటికే వస్తాయి. అక్కడికి వెళ్ళగానే కొత్త సిమ్ తీసుకుని పాతది వదిలేయకండి. పిల్ల ఆధార్‌లో అడ్రస్ మార్చే తొందర కూడా వద్దు. రేషన్ బియ్యం దేశంలో ఎక్కడైనా తీసుకోవచ్చు కాబట్టి దాని కోసం కార్డు మార్చుకునే పని లేదు. మన ఊరి సచివాలయంలో ఇంటి సభ్యుల వివరాలు సరిగా ఉన్నాయో లేదో బయల్దేరే ముందే చూసుకోవడం మేలు, సూరత్ నుంచి అది తెమిలే పని కాదు.

రాకపోకల సంగతి. సూరత్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విజయవాడలో దిగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అక్కడి నుంచి మళ్ళీ భీమవరం. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి సంక్రాంతి టికెట్లకి నవంబర్ మధ్యలోనే కూర్చోవాలి. మేమనుకున్నది ఇది: సంక్రాంతికి ముగ్గురం ఇక్కడికి వస్తాం, అమ్మాయి సెమిస్టర్ సెలవులకి అక్కడికి వస్తుంది. మొదటిసారి ఒంటరిగా పంపకుండా మా చెల్లెలు తోడు వస్తానంది. దసరా నాలుగు రోజుల సెలవుకి సూరత్ దాకా రావడం దండగ, అప్పుడు లంకలో అమ్మమ్మ దగ్గరికి వెళ్తుంది. ఆ మాట చెప్పాక మా అమ్మ మళ్ళీ నాతో మాట్లాడుతోంది.