పదకొండేళ్లు నా గోడమీద ఉన్న ‘హే వెయిన్’ ప్రింటు

ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821లో వేసిన ‘హే వెయిన్’ (గడ్డిబండి) చిత్రానికి అచ్చు ప్రతి ఒకటి పదకొండేళ్లుగా నా రాతబల్ల ఎదుట వేలాడుతోంది. వాగులో నిలిచిన బండి, గట్టున కుక్క, ఎడమ పక్క పాత ఇల్లు చాలామందికి తెలిసినవే. కొన్న కొత్తలో దీన్ని చూస్తే ప్రాణం కుదుటపడుతుందని కనిపించినవారికల్లా చెప్పాను. అది అబద్ధం కాదు, కాని అప్పటంత ధీమాగా ఇప్పుడు చెప్పలేను.

ఆరో ఏట రంగు వెలిసింది. సాయంత్రపు ఎండ తిన్నగా పడే గోడ కావడంతో పసుపు, ఎరుపు పోయి బొమ్మంతా నీలం కమ్మింది. గుర్రాల పట్టీలమీది ఎర్రని మెరుపులే ఆ చిత్రానికి జీవం. అవి బూడిదరంగుకు తిరిగాయి. ఎంత పోయిందో చూద్దామని ఫ్రేము విప్పితే, చెక్క అంచు కింద దాగిన సన్నని చార మాత్రం కొత్తదానిలా పచ్చగా ఉంది. ఆ చార వెంబడి భూతద్దం జరుపుతుండగా కుడివైపు దూరపు పొలంలో తెల్లని నలుసులు కనిపించాయి. అవి గడ్డి కోస్తున్న కూలీలు! ఇంకా దగ్గరగా చూస్తే మనుషులు విడిపోయి అచ్చు చుక్కలే మిగిలాయి.

నా అసలు ఫిర్యాదు ఇదే. మూలచిత్రం సుమారు 130 సెంటీమీటర్ల ఎత్తు, 185 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో ఆ కూలీలు చిన్నవారే అయినా ఉన్నారు. గోడకు సరిపడేలా కుదించినప్పుడు ముందు మాయమయ్యేది వాళ్లే. నెపోలియన్ యుద్ధాలు 1815లో ముగిశాక ఇంగ్లండు తూర్పు ప్రాంతాల్లో కూలి రేట్లు పడిపోయి, 1816లోను, మళ్లీ 1822లోను పనివారు తిరగబడి యంత్రాలను పగలగొట్టారు. ఆ రెంటి నడుమ, లండన్ స్టూడియోలో, ఈ వాగు ఒడ్డునే ఉన్న ఫ్లాట్‌ఫర్డ్ పిండిమర యజమాని కొడుకైన కాన్‌స్టబుల్ వేసిన మధ్యాహ్నమిది. ఆయనకు ఆ వాగుమీద ఉన్న ప్రేమను నేను శంకించను. కాని పొలం చెమట ఎరగని నాలాంటివారి గదిలో పల్లె అంటే నిశ్శబ్దమే అన్న నమ్మకాన్ని ఇన్నేళ్లూ ఈ ప్రింటు నాకు తెలియకుండానే పెంచింది.

ఎండ పడని గోడ ఉన్నవారు, కొంచెం ఖర్చయినా పెద్ద సైజు తీసుకోగలిగినవారు కొనుక్కోవచ్చు. నా గదిలో అంత చోటు లేదు. వెలిసిన ప్రతినే నడవాలోని నీడగోడకు మార్చాను. కొత్తది కొనడం గురించి ఇంకా తేల్చుకోలేదు.